మొరాయిస్తోందా... దాని మొర వినండి!

రాత్రి మూసేటప్పుడు చలాకీగా ఉన్న ల్యాప్‌టాప్‌ తెల్లారేసరికి నత్తనడక పడుతుంది. మౌస్‌ కదలదు, ఫోల్డర్‌ తెరుచుకోదు, టాస్క్‌ మేనేజర్‌లో డిస్క్‌ దగ్గర 100 శాతం కనిపిస్తుంది. అప్‌డేట్‌ అయిన మర్నాడు లక్షల ఇళ్లలో, ఆఫీసుల్లో ఇదే తంతు. ఆ కంగారులో తీసుకునే తొందరపాటు నిర్ణయం వల్ల ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు, కాగితాలు పోగొట్టుకుంటున్నవాళ్లున్నారు. అసలు లోపల ఏం జరుగుతోంది? ఎప్పుడు ఆగాలి? ఎప్పుడు కదలాలి? ఈ ఆదివారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

జులై నెల, బుధవారం, ఉదయం తొమ్మిదిన్నర. మా ఊరి బస్టాండు ఎదుట ఉన్న నెట్‌ సెంటర్‌ ముందు అప్పటికే పదిమంది పిల్లలు, వెనకాల వాళ్ల అమ్మానాన్నలు. ఈఏపీసెట్‌ కౌన్సెలింగ్‌లో వెబ్‌ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. ఆ సెంటర్‌ మా బాబాయిది. జిరాక్స్‌ తీయించుకుందామని వెళ్లిన నన్ను చూడగానే ఆయన మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది.

‘‘రారా, సమయానికొచ్చావ్‌. రాత్రి షట్టరు దించేటప్పుడు ఈ ల్యాప్‌టాప్‌ లక్షణంగా ఉంది. పొద్దున్న ఆన్‌ చేస్తే అప్‌డేట్‌ అంటూ ముప్పావుగంట తిప్పింది. ఇప్పుడు చూడు, బ్రౌజర్‌ తెరవడానికే ఐదు నిమిషాలు. మెకానిక్‌కి ఫోన్‌ చేస్తే హార్డ్‌ డిస్క్‌ పోయినట్టుంది, ఫార్మాట్‌ కొట్టేద్దాం అన్నాడు. పవర్‌ బటన్‌ నొక్కిపట్టి ఆపేయనా?’’

‘‘వద్దు బాబాయ్‌, చెయ్యి తియ్యి. ముందు అదేం చేస్తోందో చూద్దాం.’’

టచ్‌ప్యాడ్‌ పక్కన అరచెయ్యి ఆనించాను. సన్నటి అదురు. చెవి దగ్గర పెడితే ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు ఆగకుండా గరగరమని చప్పుడు. కంట్రోల్‌, షిఫ్ట్‌, ఎస్కేప్‌ మూడు మీటలూ ఒకేసారి నొక్కితే నిమిషం తర్వాత టాస్క్‌ మేనేజర్‌ వచ్చింది. డిస్క్‌ అన్న మాట మీద నొక్కగానే, డిస్క్‌ని ఎక్కువగా వాడుతున్నవన్నీ వరసగా పైకొచ్చాయి. మొదట విండోస్‌ మాడ్యూల్స్‌ ఇన్‌స్టాలర్‌ వర్కర్‌. దాని కింద యాంటీమాల్‌వేర్‌ సర్వీస్‌ ఎగ్జిక్యూటబుల్‌. ఆ తర్వాత సెర్చ్‌ ఇండెక్సర్‌. మూడూ విండోస్‌ సొంత మనుషులే. కొత్త అప్‌డేట్‌ని సర్దుతున్నది ఒకరు, సోదా చేస్తున్నది ఒకరు, జాబితా రాస్తున్నది ఒకరు.

పిల్లల్ని రెండో కంప్యూటర్‌ దగ్గరికి పంపి, ఈ ల్యాప్‌టాప్‌కి ఛార్జర్‌ తగిలించి వదిలేశాం. పదకొండున్నరకి చూస్తే డిస్క్‌ వాడకం 100 శాతం కాస్తా 8కి దిగింది. బ్రౌజర్‌ మామూలుగా తెరుచుకుంది. ఒక్క ఫైలు పోలేదు, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. మెకానిక్‌ మాట విని సాయంత్రం ఫార్మాట్‌ కొట్టించి ఉంటే పదేళ్ల ఖాతాదారుల స్కాన్‌ కాపీలన్నీ గాలికి పోయేవి.

మంగళవారం విడుదల.. బుధవారం బాధ

ఈ బాధ చాలాసార్లు బుధవారమే మొదలవుతుంది. దానికో లెక్కుంది. మైక్రోసాఫ్ట్‌ 2003 అక్టోబర్‌ నుంచి విండోస్‌ భద్రతా సవరణలను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. సాంకేతిక రంగంలో దాన్ని ‘ప్యాచ్‌ ట్యూస్‌డే’ అంటారు. అవి విడుదలయ్యే వేళ, అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలంటే మనకి వేసవి నెలల్లో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మనం పడుకోబోయే వేళకి అవి బయల్దేరతాయి. తెల్లారి ల్యాప్‌టాప్‌ తెరిచేసరికి మన గుమ్మంలో ఉంటాయి.

నెలనెలా వచ్చేవి చిన్నవి. ఇవికాక విండోస్‌ 11కి ఏడాదికోసారి, సాధారణంగా రెండో అర్ధభాగంలో, ఒక పెద్ద అప్‌డేట్‌ వస్తుంది. చిన్నది ఇంటికి సున్నం వేయించడం లాంటిదైతే, పెద్దది సామానంతా బయటపెట్టి గదులు మార్చుకోవడం లాంటిది. సామాను మళ్లీ దేని చోట అది చేరేదాకా ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. 100 శాతం కనిపించేది ఆ సర్దుబాటు వేళలోనే.

రికార్డు గదిలో ఒక్కడే అటెండరు

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. టాస్క్‌ మేనేజర్‌లో డిస్క్‌ 100 శాతం అంటే డిస్క్‌ నిండిపోయిందని అర్థం కాదు. క్షణం తీరిక లేకుండా పనిచేస్తోందని అర్థం. అది పనివేళల కొలత, చోటు కొలత కాదు. సి డ్రైవ్‌ కింది గీత ఎర్రబడటం వేరే జబ్బు. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

పాత రిజిస్ట్రారు ఆఫీసు ఊహించుకోండి. వెనక రికార్డు గది, అటక దాకా దస్తావేజుల కట్టలు, కట్టలు దించడానికి ఒక్కడే అటెండరు. ఒక్క గుమాస్తా వరసగా ఒకే కట్టలోని కాగితాలడిగితే గబగబా తెచ్చిస్తాడు. పదిమంది గుమాస్తాలు తలా ఒక మూల నుంచి తలా ఒక కాగితం అడిగితే? నిచ్చెన ఎక్కడం, దిగడంతోనే రోజంతా గడిచిపోతుంది. అటెండరు కూర్చున్నది లేదు, బల్ల మీదికి వచ్చిన కాగితాలేమో పిడికెడు. టాస్క్‌ మేనేజర్‌లో 100 శాతం పక్కనే వేగం సెకనుకి ఒక మెగాబైట్‌ మాత్రమే కనిపించడానికి కారణం ఇదే.

పాతకాలపు ల్యాప్‌టాప్‌లలో ఉండే హార్డ్‌ డిస్క్‌ నిజంగానే తిరిగే పళ్లెం. చాలావాటిలో అది నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 90 చుట్లు. కావలసిన చోటు, దాన్ని చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, సెకనుని వెయ్యి భాగాలు చేస్తే అయిదున్నర భాగాలు. ముల్లు ఆ వరస దాకా జరగడానికి మరో పన్నెండు భాగాలు. మొత్తం పదిహేడు, పద్దెనిమిది. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని తేవాలంటే సెకనుకి అరవై దాటవు. ఒక్కో ముక్క నాలుగు కిలోబైట్లనుకుంటే సెకనుకి పావు మెగాబైట్‌ కూడా రాదు. అప్‌డేట్‌ తర్వాత విండోస్‌ తాకేవి ఇలాంటి చిన్న చిన్న ముక్కలే, అవీ వేల సంఖ్యలో.

1956లో ఐబీఎం తెచ్చిన రామాక్‌ యంత్రంలోనూ ఉన్నవి తిరిగే పళ్లేలే. 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేలు. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. కావలసిన పళ్లెం కోసం ఒక చెయ్యి పైకీ కిందికీ వెళ్లేది. ఈనాటి హార్డ్‌ డిస్క్‌ అరచేతిలో ఇమిడిపోతుంది, సమాచారం లక్షల రెట్లు పడుతుంది. ‘పళ్లెం తిరగాలి, ముల్లు జరగాలి’ అన్న సూత్రం మాత్రం మారలేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీలో ఆ పళ్లెమూ లేదు, ఆ ముల్లూ లేదు. అంతా చిప్‌లే. అందుకే చిన్న ముక్కలు సెకనుకి వేలూ పదివేలూ తెచ్చివ్వగలదు.

తిలాపాపం తలా పిడికెడు

అప్‌డేట్‌ మర్నాడు డిస్క్‌ని పట్టుకుని కూర్చునేది ఒక్కరు కాదు. పేర్లు తెలిస్తే సగం భయం పోతుంది.

విండోస్‌ మాడ్యూల్స్‌ ఇన్‌స్టాలర్‌ వర్కర్‌ కొత్త ఫైళ్లని వాటి వాటి చోట్లలో పెట్టి, పాతవాటిని పక్కకి సర్దుతుంది. దాన్ని మధ్యలో ఆపితే సగం వేసిన గోడలా మిగిలిపోతుంది.

యాంటీమాల్‌వేర్‌ సర్వీస్‌ ఎగ్జిక్యూటబుల్‌ అన్నది విండోస్‌ సొంత యాంటీవైరస్‌ డిఫెండర్‌ టాస్క్‌ మేనేజర్‌లో కనిపించే పేరు. కొత్త ఫైళ్లు వేలకొద్దీ దిగితే కాపలాదారు ఊరుకోడు, ఒక్కోదాన్నీ తెరిచి చూస్తాడు.

సెర్చ్‌ ఇండెక్సర్‌ మన ఫైళ్లకి సూచిక రాసే గుమాస్తా. పెద్ద అప్‌డేట్‌ తర్వాత ఒక్కోసారి సూచిక మొదటి నుంచి రాయాల్సి వస్తుంది. మనం కంప్యూటర్‌ వాడుతుంటే నెమ్మదిస్తుంది, వదిలేస్తే వేగం పుంజుకుంటుంది. అంటే దాని ముందు కూర్చుని చిరాకుపడుతూ మౌస్‌ కదుపుతున్నంతసేపూ మనమే దాని పనిని సాగదీస్తున్నట్టు.

మైక్రోసాఫ్ట్‌ కంపాటిబిలిటీ టెలిమెట్రీ మన మెషీన్‌ తర్వాతి అప్‌డేట్‌కి సరిపోతుందా లేదా అని లెక్క చూస్తుంది. డాట్‌ నెట్‌ మీద నడిచే ప్రోగ్రాములను కొత్త ఫైళ్లకు తగ్గట్టు మళ్లీ తయారుచేసే సేవ మరొకటి. వన్‌డ్రైవ్‌ తన ఫోల్డర్‌ని సరిచూసుకుంటుంది. సిస్‌మెయిన్‌ మనం ఎక్కువగా వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెడుతుంది. విండోస్‌ విస్టా రోజుల్లో సూపర్‌ఫెచ్‌ అన్నది దీన్నే.

వీటన్నిటికీ తోడు ర్యామ్‌ 4 జీబీయే ఉంటే కష్టం రెట్టింపు. ర్యామ్‌లో చోటు చాలనప్పుడు విండోస్‌ కొంత సామానుని డిస్క్‌ మీది పేజ్‌ ఫైల్‌లోకి దించుతుంది, కావలసినప్పుడు మళ్లీ ఎత్తుకుంటుంది. అప్పుడు డిస్క్‌ 100 శాతం చూపిస్తున్నా అసలు లోపం ర్యామ్‌లో ఉంటుంది. టాస్క్‌ మేనేజర్‌లో డిస్క్‌ పక్కనే మెమరీ వరస కూడా 85, 90 శాతం దాటి ఉందంటే అనుమానించాల్సింది దాన్నే.

ఇది విండోస్‌ ఒక్కదాని తీరే అనుకోవద్దు. మ్యాక్‌ వాడేవాళ్లకీ సిస్టమ్‌ అప్‌డేట్‌ తర్వాత స్పాట్‌లైట్‌ మళ్లీ సూచిక రాసుకునేదాకా ఈ బరువు తెలుస్తుంది.

చూసి.. అప్పుడు చెయ్యి వేయండి

మొదటి మందు ఓపిక. ఛార్జర్‌ తగిలించి, నిద్రలోకి జారుకోకుండా పవర్‌ సెట్టింగ్‌ మార్చి రెండు గంటలు వదిలేయండి. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌ అయితే, అందులోనూ పాత హార్డ్‌ డిస్క్‌ అయితే, పూట పట్టినా ఆశ్చర్యం లేదు. రాత్రంతా ఆన్‌లో ఉంచినా తప్పులేదు.

రెండోది రీస్టార్ట్‌. షట్‌డౌన్‌ చేసి మళ్లీ ఆన్‌ చేస్తే అదే కదా అనుకుంటారు చాలామంది. కాదు. 2012లో విండోస్‌ 8తో ‘ఫాస్ట్‌ స్టార్టప్‌’ వచ్చింది. అది అమల్లో ఉంటే షట్‌డౌన్‌ కొట్టినా విండోస్‌ గుండెకాయ లాంటి భాగం డిస్క్‌ మీద భద్రంగా పడుకుని, ఆన్‌ చేయగానే అలాగే లేస్తుంది. లోపలి చిక్కు విడిపోదు. రీస్టార్ట్‌ కొడితేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. అప్‌డేట్‌ తర్వాత ఒకటి రెండుసార్లు రీస్టార్ట్‌ చేస్తే తీరిపోయే బాధలు ఎన్నో.

అప్పటికీ తగ్గకపోతే టాస్క్‌ మేనేజర్‌ తెరిచి డిస్క్‌ వరస చూడండి. ఇంకా లోతుగా కావాలంటే స్టార్ట్‌లో రిసోర్స్‌ మానిటర్‌ అని వెతికి, డిస్క్‌ ట్యాబ్‌ తెరవండి. ఏ ప్రోగ్రాము ఏ ఫైల్‌ని చదువుతోందో, ఏది రాస్తోందో పేరు పేరునా కనిపిస్తుంది. దొంగ ఎవరో తెలిశాక మందు తేలిక.

సెర్చ్‌ ఇండెక్సర్‌ రోజుల తరబడి ఆగకుండా తిరుగుతోందా? కంట్రోల్‌ ప్యానెల్‌లోని ఇండెక్సింగ్‌ ఆప్షన్స్‌లోకి వెళ్లి సూచికని కొత్తగా కట్టించే రీబిల్డ్‌ నొక్కి ఒక రాత్రి వదిలేయండి. సిస్‌మెయిన్‌ మీద అనుమానమా? సర్వీసెస్‌లో దాన్ని తాత్కాలికంగా ఆపి చూడండి. తేడా లేకపోతే మళ్లీ ఆన్‌ చేసేయండి. డిఫెండర్‌ని మాత్రం ఆపొద్దు. దాని పూర్తి స్కాన్‌ని రాత్రి వేళకి మార్చుకోవచ్చు. ఒకే మెషీన్‌లో రెండు వేర్వేరు కంపెనీల యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి. ఒకే ఫైల్‌ని ఇద్దరు కాపలాదారులు పట్టుకుని లాగుతుంటే పని సాగదు. టాస్క్‌ మేనేజర్‌ స్టార్టప్‌ ట్యాబ్‌లో, ఆన్‌ చేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల్లో అక్కర్లేనివాటిని ఆపేయండి.

సిస్టమ్‌ ఫైళ్లే చెడ్డాయన్న అనుమానముంటే విండోస్‌లోనే మరమ్మతు పనిముట్లున్నాయి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్‌ ప్రాంప్ట్‌ తెరిచి ముందు డిజమ్‌ రిస్టోర్‌హెల్త్‌, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపాలి. క్రమం ముఖ్యం. మొదటిది మంచి ఫైళ్లు దాచే గోదాముని సరిచేస్తుంది. రెండోది ఆ గోదాము నుంచి తెచ్చి చెడ్డవాటి చోట పెడుతుంది. ఒకే శాతం దగ్గర చాలాసేపు కదలనట్టు కనిపించినా కిటికీ మూసేయొద్దు.

అరుదుగా డ్రైవర్‌ తేడా వల్ల కూడా ఇది వస్తుంది. విండోస్‌ 10 కాలంలో కొన్ని డిస్క్‌లకీ విండోస్‌ సొంత స్టోరేజ్‌ డ్రైవర్‌కీ పొసగక, డిస్క్‌ ఏ పనీ చేయకపోయినా 100 శాతం చూపించేది. మైక్రోసాఫ్టే దాన్ని ఒప్పుకుని పరిష్కారం రాసింది. అందుకు రిజిస్ట్రీలో ఒక అంకె మార్చాలి. అలవాటు లేనివాళ్లు రిజిస్ట్రీ జోలికి పోకుండా, ముందు ల్యాప్‌టాప్‌ కంపెనీ సైట్‌ నుంచి స్టోరేజ్‌ డ్రైవర్‌ తాజాది వేసి చూడటం మేలు.

ఇన్ని చేసినా వారం రోజులుగా అదే తీరు, అప్‌డేట్‌ ముందు ఏ బాధా లేదు అంటే, ఆ అప్‌డేట్‌నే వెనక్కి తీయొచ్చు. నెలవారీది అయితే అప్‌డేట్‌ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్‌ దారి ఉంటుంది. పెద్ద అప్‌డేట్‌ అయితే సెట్టింగ్స్‌లో రికవరీ కింద ‘గో బ్యాక్‌’ ఉంటుంది. ఆ అవకాశం మామూలుగా పది రోజులే. పదకొండో రోజు గుర్తొస్తే లాభం లేదు.

సి డ్రైవ్‌ నిండిపోతే

ఇప్పుడు రెండో జబ్బు. పెద్ద అప్‌డేట్‌ తర్వాత సి డ్రైవ్‌లో హఠాత్తుగా పదో ఇరవయ్యో జీబీ మాయమవుతుంది. అది పాత విండోస్‌. వెనక్కి వెళ్లాలంటే కావాలని ‘విండోస్‌ ఓల్డ్‌’ అనే ఫోల్డర్‌లో దాన్ని దాచిపెడతారు. పది రోజులు దాటాక విండోసే దాన్ని తీసేస్తుంది. ఈలోగా చోటు కావాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్‌, స్టోరేజ్‌, టెంపరరీ ఫైల్స్‌ వరసలో వెళ్లి తీసేయొచ్చు. తీసేస్తే వెనక్కి దారి మూసుకుపోయినట్టేనని మరవొద్దు. విండోస్‌ అప్‌డేట్‌ క్లీనప్‌, డెలివరీ ఆప్టిమైజేషన్‌ ఫైళ్లు కూడా అక్కడే కనిపిస్తాయి. వాటిని నిశ్చింతగా తీసేయొచ్చు. అదే జాబితాలో డౌన్‌లోడ్స్‌ ఫోల్డర్‌ కూడా ఉంటుంది. దాని ఎదురుగా టిక్‌ ఉందేమో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. చాలామంది ముఖ్యమైన పీడీఎఫ్‌లు ఉండేది అందులోనే.

2019 మే నెలలో వచ్చిన విండోస్‌ 10 కూర్పు నుంచి, కొత్తగా వేసిన విండోస్‌లో అప్‌డేట్ల కోసం దాదాపు 7 జీబీ ముందే పక్కన పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. అయినా 64 జీబీ, 128 జీబీ స్టోరేజ్‌ ఉన్న చవక ల్యాప్‌టాప్‌లకి ఊపిరాడదు. విండోస్‌ 11కి కనీస అర్హతే 64 జీబీ. డిస్క్‌లో అయిదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచడం మంచి అలవాటు. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌ అనే ఫోల్డర్‌ బరువు చూసి కంగారుపడి దాన్ని చేత్తో తుడిచేయొద్దు. విండోస్‌ అవయవాలన్నీ ఉండేది అక్కడే.

డిస్కే అలసిపోయిందా?

ఓపిక పట్టమని ఇంతదాకా చెప్పాను. ఓపిక పట్టకూడని సందర్భం ఒకటుంది. లోపల నుంచి గరగర కాకుండా గడియారంలా టక్‌ టక్‌ మని చప్పుడు వస్తున్నా, ఒక్క ఫొటో తెరవడానికి నిమిషాలు పడుతున్నా, కాపీ చేస్తుంటే ఒకే ఫైల్‌ దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నా, టాస్క్‌ మేనేజర్‌లో ‘యావరేజ్‌ రెస్పాన్స్‌ టైమ్‌’ వేల మిల్లీసెకన్లలో కనిపిస్తున్నా, డిస్క్‌ చివరి దశలో ఉందని అనుమానించాలి. అప్పుడు అప్‌డేట్‌ని తిట్టడం కాదు, ఫైళ్లని కాపాడటం మొదటి పని. ముఖ్యమైనవి వెంటనే మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే మిగతా పరీక్షలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము డిస్క్‌ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్‌ నివేదికని చదివి చూపిస్తుంది.

అప్‌డేట్లు ఆపేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న అడగని నెట్‌ సెంటర్‌ లేదు, డీటీపీ సెంటర్‌ లేదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌ పనిచేయకుండా పోతాయేమోనన్న భయంతో అప్‌డేట్లకి తాళం వేసుకున్న డీటీపీ మిత్రులు నాకే తెలుసు. వాళ్ల భయం అర్థం చేసుకోదగినదే. రోజువారీ తిండి ఆ మెషీన్‌ మీదే. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా.

2017 మే 12న వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచాన్ని కుదిపింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ దొంగ దూరిన కన్నాన్ని పూడ్చే సవరణని మైక్రోసాఫ్ట్‌ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే 59 రోజుల ముందు. ఆ అప్‌డేట్‌ వేసుకున్న మెషీన్లలోకి అది ఆ దారిన దూరలేకపోయింది.

అలాగని అప్‌డేట్లు తప్పులు చేయవని కాదు. 2018 అక్టోబర్‌ 2న విడుదలైన విండోస్‌ 10 అప్‌డేట్‌ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిపేసింది. నాలుగు రోజులకే మైక్రోసాఫ్ట్‌ దాన్ని ఆపేసి, లోపం సరిదిద్ది నవంబర్‌ 13న మళ్లీ విడుదల చేసింది. 2025 ఆగస్టులో విండోస్‌ 11 అప్‌డేట్‌ ఎస్‌ఎస్‌డీలను చంపేస్తోందని జపాన్‌లో మొదలైన వార్త లోకమంతా పాకింది. మైక్రోసాఫ్ట్‌ విచారించి సంబంధం కనబడలేదంది. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్లు తయారుచేసే ఫైసన్‌ సంస్థ 4,500 గంటలకు పైగా పరీక్షించి, ఆ లోపం తమకి ఎదురుకాలేదని చెప్పింది.

ఈ రెండు అప్‌డేట్ల కథల్లో మొదటిది బ్యాకప్‌ ఎందుకో చెబుతుంది. రెండోది వాట్సాప్‌లో వచ్చిన ప్రతి హెచ్చరికకీ బెదిరిపోవద్దని చెబుతుంది. మధ్యేమార్గం ఉంది. విండోస్‌ అప్‌డేట్‌లో ‘పాజ్‌’ నొక్కి కొన్ని వారాలు వాయిదా వేసుకోవచ్చు. పరీక్షల సీజన్‌లో నెట్‌ సెంటర్లు, పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు వేసే డీటీపీలు ఇలా చేసుకుని, రద్దీ తగ్గిన ఆదివారం నాడు అప్‌డేట్‌ వేసుకుంటే ఏ చిక్కూ ఉండదు.

శాశ్వతమైన మందు

ప్రతి నెలా ఇదే గోల అయితే, మెషీన్‌లో ఉన్నది తిరిగే హార్డ్‌ డిస్క్‌ అయితే, దాన్ని మార్చి ఎస్‌ఎస్‌డీ వేయించడమే అసలైన వైద్యం. టాస్క్‌ మేనేజర్‌ పెర్‌ఫార్మెన్స్‌ ట్యాబ్‌లో డిస్క్‌ మీద నొక్కితే మీది హెచ్‌డీడీనో ఎస్‌ఎస్‌డీనో రాసి ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో రెండున్నర అంగుళాల హార్డ్‌ డిస్క్‌ తీసి అదే చోట అదే కొలత ఎస్‌ఎస్‌డీ బిగించొచ్చు. సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ లాంటి చోట్ల ఇది రోజూ చేసే పనే. జిల్లా కేంద్రాల్లోనూ చేసేవాళ్లున్నారు. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టుగా కొత్తదానిలోకి క్లోన్‌ చేయమని అడగండి. కొత్త ల్యాప్‌టాప్‌ ధరతో పోలిస్తే ఈ ఖర్చు కొంచెమే.

మెషీన్‌ని షాపుకిచ్చేముందు రెండు పనులు తప్పనిసరి. ఒకటి బ్యాకప్‌. రెండోది, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్‌ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోవడం. ఆ అంకెలు లేకపోతే మీ డిస్క్‌ని మీరే తెరవలేని రోజు రావచ్చు. రిపేరు అయ్యాక పాత డిస్క్‌ని అక్కడే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు అందులోనే ఉంటాయి.

ఇంకో మాట. విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ మామూలు మద్దతు 2025 అక్టోబర్‌ 14తో ముగిసింది. పదేళ్ల సేవ తర్వాత అది విశ్రాంతి తీసుకుంది. ఇళ్లలో వాడుకునేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతా సవరణలు మరో ఏడాది, 2026 అక్టోబర్‌ దాకా అందుతాయి. తర్వాతి దారి ఏమిటో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఇవి మాత్రం చేయొద్దు

• అప్‌డేట్‌ జరుగుతుండగా పవర్‌ బటన్‌ నొక్కిపట్టొద్దు. బ్యాటరీ పీకొద్దు.

• ఏ ప్రోగ్రాము డిస్క్‌ని వాడుతోందో చూడకుండా ఫార్మాట్‌కి ఒప్పుకోవద్దు. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

• ‘కంప్యూటర్‌ వేగం పెంచుతాం’ అనే ఊరూపేరూ లేని క్లీనర్లను దించుకోవద్దు. నకిలీ యాక్టివేటర్ల జోలికి పోవద్దు. చాలావాటితో పాటు దొంగ ప్రోగ్రాములూ లోపలికొస్తాయి.

• ‘మీ కంప్యూటర్‌లో సమస్య ఉంది’ అంటూ ఫోన్‌ చేసినవాళ్లకి మీ తెర అప్పగించొద్దు.

• ఎస్‌ఎస్‌డీని బయటి ప్రోగ్రాములతో డీఫ్రాగ్‌ చేయొద్దు. దానికి కావలసిన నిర్వహణ విండోసే చూసుకుంటుంది.

ఈ ఆదివారమే ఒక పని

మా బాబాయి ల్యాప్‌టాప్‌కి ఆగస్టులో ఎస్‌ఎస్‌డీ వేయించాం. పాత డిస్క్‌ని ఎక్స్‌టర్నల్‌ పెట్టెలో బిగించి బ్యాకప్‌కి వాడుతున్నాడు. అప్‌డేట్‌ మర్నాటి బుధవారాల్లో ఇప్పుడాయన అరచెయ్యి ఆనించి చూడక్కర్లేదు. అయినా నెలకోసారి టాస్క్‌ మేనేజర్‌ తెరిచి, డిస్క్‌ వరస చూసి, ఎవరెవరు పనిచేస్తున్నారో పేర్లు చదువుకుంటాడు. ఫైళ్లు దాచుకున్న ఖాతాదారులు తన మీద పెట్టుకున్న నమ్మకానికి అది కనీస బాధ్యత అంటాడు.

మన పిల్లల సర్టిఫికెట్లు, అమ్మానాన్నల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు ఇవాళ ఆ పళ్లెం మీదో ఆ చిప్‌ల మీదో ఉన్నాయి. అది మొరాయించిన రోజున ఎవరి మాటో విని తుడిచేయడానికి ముందు పది నిమిషాలు దాని మొర వినండి. అంతకన్నా ముందు, ఈ మధ్యాహ్నమే ఒక ఎక్స్‌టర్నల్‌ డ్రైవ్‌ తీసి, పోతే మళ్లీ రానివన్నీ అందులోకి కాపీ చేసుకోండి. నెమ్మదించిన ల్యాప్‌టాప్‌ని బాగుచేసుకోవచ్చు, పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. పోయిన ఫొటో ఏ దుకాణంలోనూ దొరకదు.